గుర్తు తెలియని సిపాయి

ఏటా నవంబర్ 15న, బిర్సా ముండా పుట్టినరోజున, జంషెడ్‌పూర్ బిష్టుపూర్‌లోని గోపాల్ మైదానంలో నగారాలు మోగుతాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. 2014 నుంచి టాటా స్టీల్ 'సంవాద్' పేరుతో జరుపుతున్న ఆదివాసీ సమ్మేళనం ఆ మోతతోనే మొదలవుతుంది. ఆ చప్పుడు చెవి కన్నా ముందు రొమ్ముకు తగులుతుంది. మూడు తరాల కింద సిక్కోలు, విజయనగరం ఊళ్ళ నుంచి 'టాటా' వచ్చి, కార్ఖానాలో పనికి కుదిరి, కద్మాలోనో సోనారీలోనో ఇల్లు చేసుకున్న తెలుగు కుటుంబాలు కూడా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి విని వస్తాయి. వినదగ్గ మోతే అది.

ఇదే ఝార్ఖండ్ రాష్ట్రంలో, ఊరూరా తిరిగి అడవి గురించీ నేల గురించీ పాడిన ఒక ఆదివాసీ గాయకుడికి 2011 జూన్‌లో గిరిడీ కోర్టు ఉరిశిక్ష వేసింది. ఆయన పేరు జీతన్ మరాండీ.

కేసు చిన్నది కాదు. 2007 అక్టోబర్ 26 రాత్రి గిరిడీ జిల్లా చిల్‌ఖారీ గ్రామంలో జనం గుమిగూడి ప్రదర్శన చూస్తుండగా మావోయిస్టులు కాల్పులు జరిపారు. ఇరవై మంది దాకా చనిపోయారు. మాజీ ముఖ్యమంత్రి బాబూలాల్ మరాండీ కొడుకు అనూప్ వాళ్ళలో ఒకడు. ఆట చూడ్డానికి వచ్చిన జనాన్ని చంపడం ఏ సిద్ధాంతంతోనూ కడుక్కోలేని పాపం, ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఆ పాపానికి పోలీసులు ఎవర్ని తెచ్చి నిలబెట్టారు? 2008 ఏప్రిల్‌లో రాంచీలో ఈ పాటగాణ్ణి పట్టుకున్నారు. పోలీసులు వెతకాల్సిన జీతన్ మరాండీ వేరే మనిషని, అదే పేరున్న మావోయిస్టని, ఈయన కాదని ఆయన తరఫువాళ్ళు మొదటి నుంచీ మొత్తుకున్నారు. ఆ మొర ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆయనకూ, మరో ముగ్గురికీ ఉరి పడింది. 2011లోనే, డిసెంబర్ 15న, ఝార్ఖండ్ హైకోర్టు నలుగుర్నీ నిర్దోషులని వదిలేసింది. అరెస్టయిన నాటి నుంచి ఆ తీర్పు దాకా మూడేళ్ళ ఎనిమిది నెలలు. అందులో ఆరు నెలలు ఉరితాడు కింద.

ఆ రోజులకు ఎవరు జవాబుదారీ? తప్పు మనిషిని బోనెక్కించిన దర్యాప్తుకు ఎవరు శిక్ష అనుభవించారు? ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాన్ని అడిగేవాళ్ళు తక్కువ. చిల్‌ఖారీలో చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ఏం న్యాయం జరిగింది? సంబంధం లేని పాటగాణ్ణి ఉరికంబం దాకా ఈడ్చడమంటే ఆ ఇరవై ప్రాణాల మీద కూడా మట్టి కప్పడమే. కొడుకు పోయిన తల్లికి పోలీసులు చేసిన రెండో ద్రోహం అది.

ఇప్పుడు అదే ఏడాది కన్నుమూసిన, అదే రాష్ట్రానికి చెందిన మరో పాటగాణ్ణి తలచుకోవాలి. జంషెడ్‌పూర్ నుంచి రాంచీ రోడ్డు మీద పోతుంటే తమాడ్ వస్తుంది. ఆ పక్కనే దివ్‌డీ. ధోనీ మొక్కులు తీర్చుకునే గుడి ఉన్న ఊరని ఈ కాలం పిల్లలకు తెలుసు. రామ్‌దయాళ్ ముండా 1939లో పుట్టింది అక్కడే. షికాగోలో చదివి, మిన్నెసోటాలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగాలు వదులుకుని 1980లలో రాంచీ విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చిన మనిషి. ఆదివాసీ భాషల శాఖను నిలబెట్టి వైస్ ఛాన్సలర్ అయ్యాక కూడా భుజాన నగారా వేసుకుని విద్యార్థులతో కలిసి ఆడేవారు. పిల్లనగ్రోవి ఆయన చేతి వాద్యం. ముండాల ఊళ్ళో 'అఖ్‌డా' అంటే ఆడేచోటూ అదే, కూర్చుని ఊరి తగవు తీర్చేచోటూ అదే. ఆట వేరు, మాట వేరు అని ఆ నేల ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఆయన డోలు పట్టుకునే ఝార్ఖండ్ ఉద్యమంలోకి నడిచారు, ఐక్యరాజ్యసమితి మూలవాసుల వేదిక దాకా వెళ్ళారు. సంగీత నాటక అకాడమీ అవార్డు, 2010లో పద్మశ్రీ, అదే సంవత్సరం రాజ్యసభ. 2011 సెప్టెంబర్ 30న కన్నుమూశారు. రాంచీలోని ఆదివాసీ పరిశోధన సంస్థకు ఇప్పుడు ఆయన పేరే.

2011 వేసవిలో ఝార్ఖండ్ గాయకుడొకరు రాజ్యసభలో ఉన్నారు, ఇంకొకరు ఉరిశిక్ష ఖైదీల గదిలో ఉన్నారు. ముండా గారి గౌరవం ఆయన కష్టార్జితం, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా ఆరోపణ ప్రభుత్వాల మీద. పాటను చట్టసభ దాకా తీసుకెళ్ళే దారి మన దేశంలో ఉందని ఆయన చూపించారు. ఆ దారికి అడ్డంగా తుపాకీనీ, తప్పుడు కేసునూ నిలబెట్టింది ఎవరన్నది చెప్పకుండా చనిపోయినవాళ్ళకు దండలు వేసే అలవాటు మీద నా ఆరోపణ.

ఆ అలవాటుకు తెలుగు నేల మీద సాక్షి గద్దర్. ఆయన గొంతు నేను మొదట విన్నది తెలుగు నేల మీద కాదు, కద్మాలోని కంపెనీ క్వార్టర్‌లో. పార్వతీపురం నుంచి వచ్చిన చుట్టమొకాయన బట్టల మధ్య పెట్టి పేరు రాయని క్యాసెట్ తెచ్చాడు. నాన్న కిటికీ తలుపు లాగేసి, టేప్‌రికార్డర్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు. నాన్నతో పాటు షిఫ్టుకు వెళ్ళే సంతాల్ మిత్రుడు ఆ వేళకే వచ్చాడు. ఒక్క మాట అర్థం కాలేదు ఆయనకు. రెండో చరణం వచ్చేసరికి వేళ్ళు స్టూలు మీద దరువు పట్టుకున్నాయి. "ఏం పాడుతున్నాడు?" అని హిందీలో అడిగాడు. "మీ ఊరి సంగతే," అన్నారు నాన్న. మా ఇంట్లో రాజకీయం గురించి ఆయన నోట నేను విన్న మాటలు చాలా తక్కువ. వాటిలో ఇది ఒకటి.

తూప్రాన్ దళిత ఇంట్లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు, అదే మన గద్దర్, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదువు మధ్యలో వదిలి, బి. నర్సింగరావు ఆర్ట్ లవర్స్ బృందంలో చేరి, 1970లలో జననాట్యమండలి గొంతై, బ్యాంకు ఉద్యోగం వదిలి, 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగిన ఏడాది అజ్ఞాతంలోకి పోయి, 1990లో బయటికి వచ్చారు. హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో ఆయన్ను వినడానికి లక్షల మంది వచ్చారు. గొంగడి భుజాన, చేతికర్రకు ఎర్రగుడ్డ, కాలికి గజ్జె. ఆ మనిషి గజ్జె కదిపితే రిక్షా తొక్కేవాడూ, బీడీలు చుట్టే తల్లీ తమ బతుకు తామే విన్నారు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

1997 ఏప్రిల్ 6న సికింద్రాబాద్ వెంకటాపురంలో ఇంటికొచ్చి ఆయన్ను కాల్చారు. కాల్చినవాళ్ళు ఎవరు? గద్దర్ పోలీసుల వైపు వేలు చూపారు. ప్రభుత్వం తనకేమీ తెలియదంది. ఒక తూటా తీయడం ప్రాణానికే ప్రమాదమని డాక్టర్లు వెన్నెముక దగ్గరే వదిలేశారు. 2023 ఆగస్టు 6న చనిపోయేదాకా, ఇరవయ్యారేళ్ళు, ఆ ఇనుప ముక్కతోనే ఆయన గెంతారు, తిరిగారు, పాడారు. ఈ ఇరవయ్యారేళ్ళలో తెలుగుదేశం పాలించింది, కాంగ్రెస్ పాలించింది, తెలంగాణ వచ్చాక తెరాస పాలించింది. కాల్చిన చేయి ఎవరిదో ఒక్క ప్రభుత్వమూ కోర్టులో తేల్చలేదు.

చనిపోయిన మర్నాడు మాత్రం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు. 2024 జనవరిలో నంది అవార్డులకు బదులు గద్దర్ అవార్డులు ఇస్తామని కొత్త ముఖ్యమంత్రి ప్రకటన. 2025 జూన్ 14న హైటెక్స్‌లో అట్టహాసంగా సినిమా వాళ్ళకు ప్రదానం. బతికుండగా తనకిచ్చిన నందిని తీసుకోనన్న మనిషి పేరు మీద! అంతకు ముందు, 2025 జనవరిలో, పద్మ పురస్కారం ఇవ్వలేదని రాష్ట్రమూ, నక్సలైట్ పాటగాడికి ఎలా ఇస్తామని కేంద్ర మంత్రీ మాటా మాటా అనుకున్నారు. ఆ గొడవలో రెండు వైపులా ఒక్కరైనా ఆ తూటా ప్రస్తావన తెచ్చారా? ఒక పౌరుణ్ణి ఆయన ఇంట్లోనే కాల్చిన కేసు అది. ఆయన సిద్ధాంతం నచ్చినా నచ్చకపోయినా పోలీసు ఫైలు అన్న తర్వాత దానికొక ముగింపు ఉండాలి.

ఆఫ్రికాలో ఇలాంటి కథ ఒకటుంది. నైజీరియా గాయకుడు ఫెలా కుటీ తల్లి ఫున్మిలాయో రాన్సమ్-కుటీ అబెయోకుటా ఆడవాళ్ళను కూడగట్టి పన్నుల మీద తిరగబడిన నాయకురాలు. 1949లో ఆ ఉద్యమం అక్కడి రాజునే కొంతకాలం గద్దె దింపింది. ఆమె కొడుకు సాక్సోఫోన్ పట్టుకుని సైనిక ప్రభుత్వాన్ని ఎదిరించాడు. పైవాడు చెబితే చాలు ఆలోచన లేకుండా కదిలే సైనికుల్ని 'జాంబీ' పాటలో ఎండగట్టాడు. లాగోస్‌లో తన ఇంటికి కలకుటా రిపబ్లిక్ అని పేరు పెట్టుకున్నాడు. 1977 ఫిబ్రవరి 18న వెయ్యి మంది దాకా సైనికులు ఆ ఇంటి మీద పడ్డారు. కొట్టారు, ఆడవాళ్ళను చెరిచారు, ఇల్లు తగలబెట్టారు. డెబ్భై ఏళ్ళు దాటిన ఆ తల్లిని మేడ కిటికీలోంచి కిందికి విసిరేశారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆమె ప్రాణం పోయింది. ఆమె పేరు రాసిన శవపేటికను ఫెలా సైనిక పాలకుడుండే డోడన్ బ్యారక్స్ గేటు దాకా మోసుకెళ్ళాడు.

విచారణ సంఘం వేశారు. నగరం నడిబొడ్డున, పట్టపగలు, వందల కళ్ళ ముందు తగలబడిన ఇల్లు. అయినా ఇంటికి నిప్పు పెట్టింది గుర్తు తెలియని సిపాయి అని తేల్చారు. ఫెలా ఆ మాటనే పాటగా చేసి వాళ్ళ మొహాన కొట్టాడు. 1979 ఎన్నికలకు పార్టీ పెట్టి దేశాధ్యక్షుడిగా పోటీ చేస్తానంటే ఆ పార్టీని బరిలోకే రానివ్వలేదు. 1984లో విదేశీ కరెన్సీ నేరం మోపి జైల్లో పెట్టారు, ఇరవై నెలలు. 1997లో చనిపోయాడు, గద్దర్‌ను కాల్చిన ఏడాదే. తర్వాత లాగోస్ రాష్ట్ర ప్రభుత్వం సాయంతోనే ఆయన చివరి ఇల్లు 2012లో మ్యూజియం అయింది. అక్కడ ఆయన వేసుకున్న బూట్లూ బట్టలూ చూడొచ్చు. సిపాయి పేరు మాత్రం ఏ గోడ మీదా ఉండదు.

ఆ సిపాయి చావలేదు. ఉగాండాలో కంపాలా మురికివాడ కమ్వోక్యా నుంచి వచ్చిన పాటగాడు బోబీ వైన్ 2017లో ఉపఎన్నికలో గెలిచి పార్లమెంటుకు వెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి, 2018 ఆగస్టులో, అరువా పట్టణంలో ఆయన కారు డ్రైవర్ యాసిన్ కవూమా కాల్పుల్లో చనిపోయాడు. బోబీ వైన్‌ను పట్టుకుని చిత్రహింసలు పెట్టి సైనిక కోర్టు ముందు నిలబెట్టారు. కచేరీలు చేయనివ్వలేదు. 2021 జనవరిలో అధ్యక్ష ఎన్నికలయ్యాక ఇంటి చుట్టూ సైన్యాన్ని కాపలా పెట్టారు. ఇంత చేసినా, అధికారిక లెక్క ప్రకారమే మూడోవంతుకు పైగా ఓట్లు ఆ పాటగాడికి పడ్డాయి.

ఎక్కడో ఆఫ్రికా సంగతి మనకెందుకని ఎవరైనా అంటే, జంషెడ్‌పూర్‌లోని తెలుగు పెద్దల్ని అడగమంటాను. వాళ్ళలో చాలామందికి బంధువులున్న శ్రీకాకుళం ఉద్దానంలో, బొడ్డపాడులో, సుబ్బారావు పాణిగ్రాహి గుళ్ళో పూజారి. ఆయన పట్టింది జముకు. ఒక వైపు తోలు బిగించిన చిన్న డోలు, తోలు నడిమి నుంచి బయటికి వచ్చే తంతి. డోలును చంకలో ఇరికించుకుని, తంతిని ఒక చేత్తో లాగి పట్టి మీటితే మనిషి గొంతు లాంటిదే మూలుగుతూ వస్తుంది. లాగే బిగువు మారితే స్వరం మారుతుంది. పల్లెల్లో దేవతల కథలు చెప్పే ఆ వాద్యంతో ఆయన కూలివాళ్ళ కథ చెప్పాడు. 1969 డిసెంబర్ 22న రంగమటియా కొండల్లో, శ్రీకాకుళ పోరాటంలో తోటి ఉద్యమకారిణి పంచాది నిర్మలతో పాటు, పోలీసు తూటాలకు చనిపోయాడు. ప్రభుత్వం దానికి పెట్టిన పేరు ఎన్‌కౌంటర్. ఎన్‌కౌంటర్ అన్న మాటలో కాల్చినవాడికి పేరుండదు.

ఆటపాటల నోరు నొక్కే పని తెల్లదొరలు చట్టం రాసి చేశారు. నీలిమందు రైతుల కథ చెప్పిన బెంగాలీ నాటకం తర్వాత, 1876లో నాటక ప్రదర్శనల చట్టం వచ్చింది. వాళ్ళు వెళ్ళిపోయి డెబ్భై ఏళ్ళు గడిచాక, 2017లో చేసిన చట్టంతో గానీ మనం దాన్ని కాగితం మీంచి తీసేయలేదు. కాగితం చిరిగింది గానీ బుద్ధి మారలేదు. 2015లో సారా దుకాణాల మీద పాట కట్టినందుకు తమిళనాడులో కోవన్‌పై రాజద్రోహం కేసు పెట్టారు. 2020లో మహారాష్ట్ర కబీర్ కళా మంచ్ గాయకుల మీద ఉపా చట్టం కింద కేసు.

తుపాకీ పట్టినవాళ్ళ వెంట తిరిగిన పాటగాడికి ఇంత సానుభూతి దేనికని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దశాబ్దాల పాటు గద్దర్ పాట నిలబడిన పక్షం చేసిన హత్యలున్నాయి. ఆ ఇళ్ళ కన్నీళ్ళు నిజం. కానీ ఆ గద్దరే 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిపించడానికి వరవరరావు, కళ్యాణరావులతో కలిసి దూతగా నిలబడ్డారు. 2018లో, డెబ్భైకి చేరువైన వయసులో, జీవితంలో మొదటిసారి వరుసలో నిలబడి ఓటేశారు. చనిపోయే ముందు నెలల్లో సొంత పార్టీ పెడతానన్నారు. పాత మిత్రులు దాన్ని పతనమన్నారు. నా మటుకు నాకు అది పతనంలా కనిపించలేదు. తుపాకీ దారి నుంచి బ్యాలెట్ దారికి వచ్చినవాణ్ణి ఏ ప్రజాస్వామ్యమైనా రెండు చేతులా ఆహ్వానించాలి. ఆహ్వానించడమంటే ఆయనకు జరిగిన అన్యాయాన్ని ముందు ఒప్పుకోవడం. మన ప్రభుత్వాలు లాంఛనాలు ఇచ్చాయి, అవార్డు పెట్టాయి. ఒప్పుకోవాల్సినదాన్ని దాటేశాయి.

తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థలో 550 మంది కళాకారులకు ఉద్యోగాలిచ్చారు. డప్పు కొట్టి కడుపు మాడ్చుకున్న ఇళ్ళలో నెల జీతం రావడం మంచిదే, ఆ కళాకారుల్ని వేలెత్తి చూపే హక్కు ఎవరికీ లేదు. కానీ జీతమిచ్చిన చేయి ఏ పాట వద్దంటుందో ఆ పాటే జనానికి అవసరమైన రోజు వస్తుంది. ఆ రోజున ఎవరు పాడతారు, పాడినవాణ్ణి ఎవరు కాపాడతారు?

జంషెడ్‌పూర్‌కు దగ్గర్లోనే ఖర్సావాన్ ఉంది. 1948 జనవరి 1న సంతలో చేరిన ఆదివాసీల మీద ఒడిశా పోలీసులు కాల్పులు జరిపారు. ఎంతమంది చనిపోయారో నేటికీ లెక్క తేలలేదు. ఏటా కొత్త సంవత్సరం రోజున ముఖ్యమంత్రులు, మంత్రులు అక్కడికొచ్చి పూలు పెడతారు. చనిపోయినవాళ్ళ పేర్ల పూర్తి జాబితా లేకుండా, కాల్చమన్నవాడి పేరు లేకుండా ఏళ్ళ తరబడి పూలు! అదే అలవాటు గోపాల్ మైదానానికీ, హైటెక్స్‌కూ పాకింది.

కాబట్టి ఝార్ఖండ్ ప్రభుత్వాన్ని సూటిగా అడుగుతున్నాను. చిల్‌ఖారీ కేసులో తప్పు మనుషుల్ని బోనెక్కించిన దర్యాప్తు అధికారుల మీద ఏం చర్య తీసుకున్నారో ప్రజలకు చెప్పండి. ఆ నలుగురు పోగొట్టుకున్న సంవత్సరాలకు పరిహారం ఇవ్వండి. అన్యాయంగా కేసుల్లో ఇరికించినవాళ్ళకు పరిహారం హక్కుగా దక్కేలా చట్టం చేయాలని లా కమిషన్ 2018 ఆగస్టులోనే 277వ నివేదికలో కేంద్రానికి చెప్పింది. ఆ చట్టాన్ని పార్లమెంటులో పట్టుబట్టి అడగాల్సింది ఝార్ఖండ్ ఎంపీలే, ఎందుకంటే ఆ గాయం వాళ్ళ ఇంటిది. చిల్‌ఖారీ మృతుల కుటుంబాలకు అసలు దోషుల్ని చూపించండి.

తెలంగాణ ప్రభుత్వానికి చెప్పేది ఇంకా చిన్నది. 1997 ఏప్రిల్ 6 కేసు తిరగదోడండి. అప్పటి ఎఫ్ఐఆర్, డాక్టర్లు తీసిన తూటాల నివేదిక, దర్యాప్తు ఎక్కడ ఆగిందో, ఎవరు ఆపమన్నారో శాసనసభ ముందు పెట్టండి. అవార్డు వేదిక మీద గద్దర్ పేరు పలికే ప్రతి మంత్రికీ ఈ బాధ్యత ఉంది. తీయని ఆ ఒక్క తూటా ఆయనతో పాటు అల్వాల్‌లో, ఆయన పెట్టిన బడి ఆవరణలో, మట్టిలోకి పోయింది. అది ఏ చేతి నుంచి వచ్చిందో చెప్పాల్సిన ఫైలు ఇప్పటికీ ప్రభుత్వం బీరువాలోనే ఉంది.